సరస్సుకు టికెట్టు లేదు

చైనా ఒక్క యువాన్ నోటు వెనకవైపు ఓ సరస్సు బొమ్మ ఉంటుంది. నీళ్ల మధ్యలో చిన్న రాతి గోపురం... దాని వెనక చెట్లు, కొండలు. హాంగ్‌ఝౌ నగరంలోని ‘షీహూ’ అది. షీ అంటే పడమర, హూ అంటే సరస్సు. ఊరికి పడమట ఉంది కాబట్టి పశ్చిమ సరస్సు. పేరులో ఏ ఆర్భాటమూ లేదు. తమాషా ఏమిటంటే, సరస్సు నోటు మీదికెక్కిన ఆ ఊళ్లో ఇప్పుడు నోట్లు బయటికి తీసేవాళ్లే అరుదు. ఫోన్‌తో డబ్బులు చెల్లించే ‘అలీపే’ పుట్టింది అక్కడే మరి! కాల్చిన చిలగడదుంపలు అమ్మే బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది.

హాంగ్‌ఝౌ పేరు మనకూ కొత్తది కాదు. 2016లో జి-20 దేశాధినేతల సదస్సు జరిగింది అక్కడే. కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2023లో ఆసియా క్రీడలు జరిగిందీ అక్కడే. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది ఆ క్రీడల్లోనే. షాంఘై నుంచి హైస్పీడ్ రైలెక్కితే గంటలో చేరిపోవచ్చు.

మా ఇంట్లో ఆ ఊరి పేరు వినిపించడానికి వేరే కారణం ఉంది. మా తమ్ముడు నాలుగేళ్లుగా అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నాన్నగారు పోయి రెండేళ్లు. అమ్మ గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్‌లో నా దగ్గరికి వస్తే పదోరోజు బ్యాగు సర్దుకుంటుంది. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట... ‘‘అమ్మను తీసుకురా అక్కా. నచ్చితే ఇక్కడే ఉంటుంది’’ అని. అమ్మ జవాబూ ఒకటే... ‘‘భాష రాని ఊళ్లో గోడలు చూస్తూ కూచోమంటావా?’’

చివరికి ‘చూసి వచ్చేద్దాం’ అన్న ఒప్పందం మీద అక్టోబరు రెండోవారంలో బయల్దేరాం. అమ్మకు అరవై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. విమానం దిగి రైలెక్కేదాకా ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే... ‘‘అక్కడ కూచోడానికి చోటుంటుందా?’’

బురదే అందమైంది!

మూడు వైపులా కొండలు, నాలుగో వైపు ఆకాశాన్నంటే భవనాలు. మధ్యలో ఆరున్నర చదరపు కిలోమీటర్ల నీళ్లు. పశ్చిమ సరస్సు స్వరూపం స్థూలంగా ఇదీ. చుట్టూ తిరిగితే 15 కిలోమీటర్లు. లోతు మాత్రం సగటున రెండు మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. లోతు తక్కువైన చెరువుకు ఏమవుతుందో పల్లెటూళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పూడిక చేరుతుంది, నాచు పడుతుంది, నెమ్మదిగా పొలమైపోతుంది. వెయ్యేళ్లకు పైగా ఈ సరస్సుకు ఎదురవుతున్న గండం అదే.

9వ శతాబ్దంలో బై జూయీ అనే కవి ఈ ఊరికి పాలనాధికారిగా వచ్చాడు. రైతులకు నీళ్లందేలా సరస్సు కట్టను బాగుచేయించాడు. ఆ తర్వాత 1089లో మరో కవి సూ షీ (సూ డోంగ్‌పో అంటే చైనాలో పిల్లలక్కూడా తెలుసు) అదే పదవిలోకి వచ్చాడు. అప్పటికి సరస్సులో దాదాపు సగం నాచు, గడ్డితో నిండిపోయిందట. పూడిక తీయడానికి చక్రవర్తి అనుమతి తెచ్చుకున్నాడు. తీయించాడు సరే, ఆ బురదంతా ఎక్కడ పొయ్యాలి? సరస్సు మధ్యలోంచే దక్షిణం నుంచి ఉత్తరానికి కట్టగా పోయించాడు. దాని మీద ఆరు వంతెనలు కట్టించి, విల్లో చెట్లు నాటించాడు. 2.8 కిలోమీటర్ల ఆ కట్టే ఇప్పటికీ ‘సూ కట్ట’. జనం రోజూ పొద్దున్నే నడిచేది దాని మీదే.

మిగతా అందాల పుట్టుకా ఇంచుమించు ఇంతే. నోటు మీది రాతి గోపురాల పక్కనున్న ద్వీపం 1607లో పూడిక మట్టితో ఏర్పడింది. ఇంకో చిన్న ద్వీపం 1800లో అలాగే వెలిసింది. అంటే మనం ఫొటోలు తీసుకునే సోయగంలో చాలా భాగం ఒకప్పుడు తట్టల్లో మోసిన బురదే! 1950ల్లో ఒకసారి, 1999 తర్వాత మరోసారి భారీగా పూడిక తీశారు. ఇప్పుడు పక్కనున్న చియాన్‌తాంగ్ నది నుంచి రోజుకు దాదాపు నాలుగు లక్షల ఘనపు మీటర్ల నీటిని శుద్ధిచేసి సరస్సులోకి వదులుతారు. ఆ లెక్కన నెలకోసారి సరస్సు నీరంతా మారిపోతుంది. ఊరి మధ్య సరస్సు పక్కన ముక్కు మూసుకోకుండా కూర్చోవడం ఎంత అదృష్టమో హుస్సేన్‌సాగర్ చూసిన మనకు వేరే చెప్పాలా!

తమ్ముడు ఇదంతా చెబుతుంటే అమ్మ శ్రద్ధగా వింది. ‘‘మీ తాతయ్య కూడా ఎండాకాలంలో చెరువు పూడిక తీయించి పొలానికి తోలించేవాడు. ఇలా చెట్లు నాటొచ్చని తట్టలేదు పాపం’’ అంది.

దాచి చూపించే తోట

చైనా సంప్రదాయ తోటలో అన్నీ ఒక్కసారే కనిపించవు. మనం గుమ్మంలోంచే దేవుడు కనపడాలనుకుంటాం. వాళ్లేమో గుమ్మానికి ఎదురుగా గోడో, రాళ్లగుట్టో అడ్డం పెడతారు. పక్కకు తిరిగితే వసారా. వసారా మలుపు తిరిగితే కొలను. నాలుగడుగులు వేస్తే దృశ్యం మారిపోవాలి. ఆ విద్యకు 17వ శతాబ్దంలోనే జీ చెంగ్ అనే తోటల నిపుణుడు ‘యువాన్ యె’ అనే గ్రంథం రాశాడు.

సరస్సు పడమటి ఒడ్డున ‘గువో జువాంగ్’ అనే తోట ఉంది. 1907లో ఓ పట్టు వ్యాపారి కట్టించుకున్నాడు. తర్వాత గువో కుటుంబం కొనుక్కోవడంతో ఆ పేరొచ్చింది. చిన్న టికెట్టు ఉంటుంది. మరీ పెద్ద తోటేమీ కాదు. కానీ తిరిగేకొద్దీ పెరుగుతున్నట్లే ఉంటుంది. లోపల నలుచదరపు కొలను, అందులో అద్దంలా కదలని నీళ్లు. చుట్టూ తెల్లటి గోడలు, నల్ల పెంకులు. గోడలకు రకరకాల ఆకారాల్లో జాలీ కిటికీలు. ఒక్కో కిటికీలోంచి ఒక్కో బొమ్మ... ఒకదాంట్లో వెదురుపొద, మరోదాంట్లో రాయి, ఇంకోదాంట్లో ఎవరో టీ తాగుతున్న ఆవిడ!

అసలు గమ్మత్తు చివర్లో ఉంది. నిండు చందమామలా గుండ్రంగా ఉన్న ద్వారం దాటితే ఎదురుగా సరస్సు. దూరంగా సూ కట్ట, దాని మీద వంతెన, ఆపైన కొండలు. అవేవీ ఈ తోటవి కావు. కానీ తోటలో భాగమే అన్నట్లు అమిరిపోతాయి. దీన్ని చైనీయులు ‘జ్యెజింగ్’ అంటారు. అంటే దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడం. ఎకరాలు కొనకుండానే కొండల్ని ఇంట్లో పెట్టుకోవడమన్నమాట!

‘‘మన పెరట్లోంచి పక్కవాళ్ల మామిడిచెట్టు కనబడేది చూడు... అదీ అంతేగా’’ అంది అమ్మ. పక్కవాళ్లు అపార్ట్‌మెంటు కట్టుకోవడానికి ఆ చెట్టు కొట్టించేశారు. నాన్నగారు పోయిన ఏడాదే. అమ్మ మళ్లీ దాని ఊసెత్తింది అక్కడే, ఆ గుండ్రటి గుమ్మం దగ్గర.

తోట అందంగానే ఉంది. కానీ ప్రతి గదికీ ఎత్తైన గడపలు, వంతెనలకు మెట్లు, మలుపుమలుపుకీ రాళ్లు. గడప దాటినప్పుడల్లా అమ్మ గోడ పట్టుకుని ఒక్క క్షణం ఆగేది. ఇలాంటి తోటలు కట్టుకున్నవాళ్లు తమ కోసం, తమ అతిథుల కోసం కట్టుకున్నారు. బయటివాళ్లు, అందులోనూ మోకాళ్లు నొప్పులున్న తెలుగు పెద్దావిడ వస్తుందని వాళ్లు అనుకుని ఉండరు కదా!

పాముకన్య గోపురానికి ఎస్కలేటరు

మర్నాడు సరస్సు దక్షిణపు ఒడ్డున లెయ్‌ఫెంగ్ పగోడాకు వెళ్లాం. దీనికో కథ ఉంది. శ్వేతనాగు ఒకటి అమ్మాయి రూపమెత్తి, ఇక్కడి వంతెన మీద వర్షంలో ఓ యువకుణ్ని చూసి ప్రేమించి పెళ్లాడుతుంది. మనిషీ పామూ కాపురం చేయడమేంటని కోపగించిన ఓ సన్యాసి ఆమెను ఈ పగోడా కింద బంధిస్తాడు. పగోడా కూలితే తప్ప విడుదల లేదు. మన జానపద సినిమాల్లో అచ్చం సరిపోయే కథ! చైనాలో దీన్ని ఎన్ని నాటకాలుగా వేశారో, ఎన్ని సినిమాలుగా తీశారో లెక్కలేదు.

10వ శతాబ్దంలో కట్టిన ఆ పగోడా 1924 సెప్టెంబరు 25న నిజంగానే కూలిపోయింది. దాని ఇటుక ఇంట్లో ఉంటే మంచి జరుగుతుందని నమ్మి జనం తరతరాలుగా ఒక్కోటీ పీక్కుపోవడం ఓ కారణమట. మళ్లీ 2002లో పాత పునాదుల మీదే కొత్తది కట్టారు. పాత ఇటుకల గుట్టను అలాగే ఉంచి చుట్టూ అద్దాలు బిగించారు. కొత్త గోపురం ఎత్తు 71 మీటర్లకు పైనే. కొండ మీదికి చేరడానికి బయట ఎస్కలేటరు, లోపల లిఫ్టు!

ఈ ఎస్కలేటరును వెక్కిరించేవాళ్లు చైనాలోనే బోలెడుమంది. పురాతన పగోడాకు షాపింగ్ మాల్ వేషం వేశారంటారు. మా తమ్ముడూ ఆ బాపతే. ‘‘అంతా కొత్త సరుకే అక్కా. అసలుది ఆ ఇటుకల గుట్ట ఒక్కటే’’ అన్నాడు. వాదనగా చూస్తే అందులో తప్పేమీ లేదు.

అమ్మ మాత్రం ఎస్కలేటరు కమ్మీ పట్టుకుని, చీర కుచ్చిళ్లు మరో చేత్తో పైకి ఎత్తిపట్టుకుని, నవ్వుతూ పైకి వెళ్లిపోయింది. పై అంతస్తులో చుట్టూ వరండా. సరస్సు మొత్తం కాళ్ల కింద పరుచుకుని ఉంది. సూ కట్ట ఆకుపచ్చ గీతలా, ద్వీపాలు తమలపాకుల్లా. నాన్నగారు పోయాక అమ్మ మేడ మీదికి కూడా ఎక్కలేదు. ఆవకాయ ముక్కలు ఎండబెట్టడానికి కూడా పక్కింటి అమ్మాయినే పంపిస్తోంది. అలాంటిది అంత ఎత్తున గాలికి కొంగు ఎగురుతుంటే, వరండా చుట్టూ రెండుసార్లు తిరిగింది.

‘‘1924లో కూలిపోయిందన్నావు కదా... అంటే ఆ పాముపిల్ల బయటికి వచ్చేసి ఉంటుంది. మళ్లీ ఎందుకురా కట్టారు?’’ అని తమ్ముణ్ని అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు.

ఇది మన కొండేనట!

సరస్సుకు కాస్త పడమరగా, కొండల నడుమ లింగ్‌యిన్ ఆలయం ఉంది. క్రీ.శ. 4వ శతాబ్దంలో దీన్ని స్థాపించింది భారతదేశం నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువు అని ఆలయ చరిత్ర చెబుతుంది. చైనీయులు ఆయన్ను హుయిలీ అని పిలుచుకున్నారు. ఎదురుగా ఉన్న సున్నపురాయి గుట్టను చూసి ఆయన ‘ఇది మా దేశపు కొండలా ఉందే, ఇక్కడికెలా ఎగిరొచ్చింది?’ అని ఆశ్చర్యపోయాడని కథ. ఆ గుట్టకు ‘ఎగిరొచ్చిన శిఖరం’ అనే పేరు స్థిరపడిపోయింది. దాని రాళ్ల మీద వందలాది బౌద్ధ శిల్పాలు. వాటిలో బొజ్జతో పకపకా నవ్వుతున్న బుద్ధుడు ఒకాయన ఉన్నాడు. మన ఇళ్లలో షోకేసుల్లో కనిపించే లాఫింగ్ బుద్ధకు పెద్దన్న అనుకోండి! మా అమ్మ ఆయనకు దణ్నం పెట్టుకుని, ‘‘మనవాడెవరో పదిహేడొందల ఏళ్ల కిందటే ఇక్కడికొచ్చి ఉండిపోయాడన్నమాట’’ అంది, తమ్ముడి వంక చూస్తూ.

గోడలు తీసేశారు

ఇంతకీ పశ్చిమ సరస్సు గొప్పతనం తోటల్లోనో, పగోడాల్లోనో మాత్రమే ఉంటే దీని గురించి ఇంత రాయనక్కర్లేదు. పాతికేళ్ల కిందటి దాకా ఈ ఒడ్డున పార్కులకు టికెట్టు ఉండేది, చుట్టూ కంచెలు ఉండేవి. 2002లో నగరపాలకులు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఒడ్డునున్న పార్కుల కంచెలు తీసేసి, టికెట్లు రద్దుచేసి, పగలూ రాత్రీ ఎప్పుడైనా ఎవరైనా రావచ్చన్నారు. ‘సరస్సును ప్రజలకు తిరిగిచ్చేయడం’ అని దానికి పేరు. టికెట్ల డబ్బు పోయింది. కానీ టికెట్టు లేదు కదా అని వచ్చినవాళ్లు ఓ పూట ఎక్కువ ఉన్నారు, హోటళ్లలో తిన్నారు, బజార్లో కొన్నారు. ఊరికి నష్టమేం రాలేదు. పడవలకు, పగోడాకు, గువో జువాంగ్ లాంటి కొన్ని తోటలకు మాత్రం టికెట్టు ఉంది. 2011లో యునెస్కో ఈ సరస్సును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

తూర్పు ఒడ్డున హూబిన్ ప్రాంతానిది మరో ముఖం. అద్దాల షోరూములు, పెద్ద పెద్ద మాల్స్, కాఫీ షాపులు. వాటికీ నీళ్లకూ మధ్య వెడల్పాటి నడకదారి. రోడ్డు మీది వాహనాల రద్దీని మళ్లించడానికి 2003లో సరస్సు అంచున నీటి అడుగున సొరంగం వేశారు. చీకటి పడ్డాక నీళ్లలోంచి మ్యూజికల్ ఫౌంటెన్ లేస్తుంది. పాటకు తగ్గట్లు నీటిధారలు ఊగుతుంటే పసిపిల్లలు తండ్రుల భుజాల మీద ఎక్కి చూస్తుంటారు. దానికీ టికెట్టు లేదు. 2007లో సినీ దర్శకుడు జాంగ్ ఈమో బృందం ఇదే సరస్సులో నీటికి మూడు సెంటీమీటర్ల కింద వేదిక అమర్చి, కళాకారులు నీళ్ల మీద నడుస్తున్నట్లే అనిపించేలా ప్రదర్శన రూపొందించింది. జి-20కి వచ్చిన దేశాధినేతలకు కూడా ఈ నీళ్ల మీదే విందైన ప్రదర్శన ఏర్పాటుచేశారు.

అన్నీ బాగున్నాయని కాదు. అక్టోబరు మొదటివారంలో జాతీయదినోత్సవ సెలవులొస్తే ఇక్కడి వంతెన మీద వంతెన కనిపించదు, తలకాయలే! సెలవులు అయ్యాక వెళ్లడం మేం చేసిన మంచిపని. అప్పటికి ఊరంతా ఒస్మాంథస్ పూల వాసన. చూడ్డానికి బియ్యపుగింజంత పువ్వు. వాసన మాత్రం వీధి చివరిదాకా! ఆ పూలు చల్లి తామరదుంపల పిండితో కాచిన వేడి జావ ఇక్కడ ప్రసిద్ధం. శాకాహారి అయిన మా అమ్మకు ఏం పెట్టాలా అని తమ్ముడు పడ్డ దిగులు ఆ కప్పుతో తీరింది. ‘‘పాలగుండ జావే’’ అని తేల్చేసి రెండు కప్పులు తాగింది.

ఏడు చెట్ల కోసం ఓ ఊరు

సరస్సు ప్రజలదని రాసుకోవడం వేరు, జనం నిజంగా నమ్మడం వేరు. అది తెలియాలంటే 2022 మే నెలలో జరిగింది చెప్పాలి.

ఈ ఒడ్డున పూర్వం నుంచీ ఓ విల్లో చెట్టు, ఓ పీచ్ చెట్టు... అలా ఒకటి విడిచి ఒకటి నాటే ఆనవాయితీ. నీళ్ల మీదికి జడల్లా వేలాడే విల్లో కొమ్మలు ఆ ఊరి గుర్తు. ఉత్తరపు ఒడ్డున బెయ్‌షాన్ వీధిలో ఏడు విల్లో చెట్లు తీసేసి, ఆ స్థానంలో గులాబీ జాతి మొక్కలు పెట్టారు అధికారులు. ఏడంటే ఏడు చెట్లు! ఊరు ఊరుకోలేదు. ‘మా చెట్లేవి?’ అంటూ జనం ఫొటోలు పెట్టి మరీ నిలదీశారు. కొద్దిరోజుల్లోనే అధికారులు క్షమాపణ చెప్పి, అక్కడ మళ్లీ విల్లో చెట్లు నాటించారు.

ఆ చెట్ల దగ్గర నిలబడి తమ్ముడు ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. ఓ కొమ్మను చేత్తో పట్టుకుని కాసేపు అలాగే చూసింది. మా పెరటి అవతల మామిడిచెట్టు గురించి అడగడానికి ఎవరూ లేకపోయారన్నది నాకు గుర్తొచ్చింది. అది పక్కింటివాళ్ల సొంత చెట్టు. కొట్టుకున్నారు. ఇవి ఎవరి చెట్లూ కావు. అందుకే అందరివీ అయ్యాయి.

ఎర్రకోటు ఆవిడ

అయిదోరోజు నుంచీ అమ్మ కార్యక్రమం మారిపోయింది. ‘‘చూసినవి చాల్లే. నన్ను పొద్దున్నే ఆ ఒడ్డున దింపెయ్’’ అని తమ్ముడికి చెప్పేసింది.

పొద్దున ఆరున్నరకు సరస్సు ఒడ్డు పెద్దవాళ్ల సామ్రాజ్యం. ఓ చెట్టు కింద తాయ్‌చీ. ఓ మండపంలో నలుగురు కూడి పాత నాటకాల పాటలు. మరోచోట స్పీకరు పెట్టుకుని వరసగా నిలబడి డ్యాన్సులు. ఒకాయన బకెట్టు నీళ్లలో పొడుగాటి కుంచె ముంచి, నేల మీది రాళ్లపలకల మీద అందంగా అక్షరాలు రాస్తున్నాడు. చివరి అక్షరం రాసేలోపు మొదటిది ఆరిపోతోంది. ‘‘ఆరిపోయేదానికి ఇంత కష్టం ఎందుకు?’’ అన్నాను. ‘‘ముగ్గు మాత్రం రెండోరోజుకి ఉంటుందేమిటే? రేపు మళ్లీ వేసుకోవడానికేగా చెరిగిపోయేది’’ అంది అమ్మ.

అక్కడే బెంచీ మీద ఎర్రకోటు వేసుకున్న ఓ పెద్దావిడ పరిచయమైంది. అమ్మ చీరను వేళ్లతో తడిమి బొటనవేలు పైకెత్తి చూపించింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసి గాజుగ్లాసులో టీ ఇచ్చింది. పాలూ చక్కెరా లేని పచ్చటి టీ. ఈ చుట్టుపక్కల కొండల్లో పండే లాంగ్‌జింగ్ టీకి చైనా అంతటా పేరుంది. అమ్మ ఒక గుక్క తాగి, మొహం మారకుండా జాగ్రత్తపడి, ఇంకో గుక్క తాగింది.

తమ్ముడు ఫోన్‌లో అనువాదం చేసే యాప్ తెరిచి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ల ప్రశ్నలూ ఒకటే. వయసెంత? పిల్లలెందరు? ఎక్కడుంటారు? ఆవిడ కొడుకు షెంజెన్‌లో ఉద్యోగం చేస్తున్నాడట. కొత్త సంవత్సరం పండక్కి వస్తాడట. మిగతా రోజుల్లో ఫోన్‌లోనే.

‘‘మరి ఒక్కదానివే ఇంట్లో ఏం చేస్తావు?’’ అని అమ్మ అడిగింది. ఫోన్ ఆ ప్రశ్నను చైనీస్‌లో వినిపించింది. ఆవిడ నవ్వి, చేత్తో నేలనూ, నీళ్లనూ, డ్యాన్స్ చేస్తున్నవాళ్లనూ చూపించి ఏదో అంది. ‘‘ఇంట్లో ఎందుకుంటాను?’’ అని పలికింది ఫోన్.

ఆ తర్వాత నాలుగు రోజులూ వాళ్లిద్దరికీ ఫోన్ అక్కర్లేకపోయింది. ఆవిడ తన భాషలో, మా అమ్మ గుంటూరు తెలుగులో... ఎవరి మాటలు వాళ్లు మాట్లాడుకునేవారు. ఓ ఉదయం వెళ్లేసరికి మా అమ్మ డ్యాన్స్ వరసలో చివర నిలబడి ఉంది. కాళ్లు కదపడం లేదు. చేతులు మాత్రం అందరితోపాటు పైకి, పక్కకి. పక్కనే ఎర్రకోటావిడ ‘ఇలా, ఇలా’ అని చూపిస్తోంది. నాన్నగారు పోయాక అమ్మ అంతమందిలో నిలబడటం నేను చూడలేదు. నేను చెట్టు వెనకే ఆగిపోయాను.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి తమ్ముడు ధైర్యం చేసి అడిగేశాడు. ‘‘నచ్చింది కదమ్మా... ఉండిపోరాదూ?’’

అమ్మ వాడి తల నిమిరింది. ‘‘ఉండనురా. నాకూ ఓ ఊరుంది. కాకపోతే నీ గురించి బెంగ తగ్గింది. మార్చిలో టికెట్లు తియ్యి, పీచ్ పూలు పూసేటప్పుడు మళ్లీ వస్తాను’’ అంది.

బ్యాగులో తామరదుంపల పిండి పొట్లాలు సర్దుతూ సర్దుతూ ఆగి నావైపు తిరిగింది.

‘‘ఏమే... మన వీధి చివర పార్కు ఉంది కదా, దాని గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కోవాలి. పొద్దున ఆరింటికల్లా తీస్తే పదిమందిమి కూచోవచ్చు.’’